సుబేదారు బల్ల తీసుకోని ఆదివారం

ఇద్దరూ బావాబావమరుదులు. బావ మద్రాస్ రెజిమెంటులో ఇరవై ఎనిమిదేళ్ళు చేసి, సుబేదారుగా రిటైరై, సికింద్రాబాదు అల్వాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. బావమరిది పాలమూరు జిల్లాలో మెన్నొనైట్ బ్రదరెన్ సంఘానికి పాస్టరు. పాస్టరుగారి అబ్బాయికి పదిహేడేళ్ళ తొమ్మిది నెలలు. అగ్నివీర్ రాతపరీక్ష, పరుగు, మెడికల్ అన్నీ గట్టెక్కాడు. పద్దెనిమిది నిండలేదు గనుక ఫారం మీద తండ్రి సంతకం కావాలి. ఆ ఫారం చేతిలో పట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని పాస్టరు అక్క ఇంటికి వచ్చాడు. కుర్రాడు బయట మెట్ల మీద కూర్చున్నాడు. లోపల మాటలు ఇలా సాగాయి.

సుబేదారు: వందనాలు అయ్యగారూ! ప్రసంగం ఇప్పుడేనా, టీ తాగాకనా?

పాస్టరు: వెటకారం తర్వాత చేద్దువుగాని బావా. వీడి బుర్రలో ఈ పురుగును వదిలింది నువ్వే. సెలవుకు వచ్చినప్పుడల్లా నీ బెల్టు, నీ బూట్లు చూసి పెరిగాడు. ఇప్పుడు సంతకం పెట్టమని నా ముందు కాగితం పెట్టాడు.

సుబేదారు: పెట్టెయ్. కష్టపడి గెలుచుకున్నాడు. నాలుగేళ్ళే కదా. ఆపైన నూటికి ఇరవై అయిదుగురినే ఉంచుకుంటారు.

పాస్టరు: నాలుగేళ్ళా, నలభయ్యేళ్ళా అన్నది కాదు నా బాధ. మన సంఘం ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకో. 1889లో మన తెలుగు నేల మీదికి వచ్చిన ఏబ్రహాం ఫ్రీసెన్ రష్యా మెన్నొనైటు. ఆయుధం పట్టకూడదన్నది వాళ్ళకు తాతముత్తాతల నాటి కట్టుబాటు. 1874లో జారు అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేస్తే, వేలమంది ఇళ్ళూ పొలాలూ వదులుకుని అమెరికా, కెనడాలకు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు తుపాకీ బదులు అడవుల్లో మొక్కలు నాటి ఆ సేవ తీర్చారు. అలాంటి సంఘానికి పాస్టరును నేను. నా కొడుకును బందూకు పట్టడానికి పంపమంటావా?

సుబేదారు: అయ్యా, ఈ కథ నేను పుట్టి బుద్ధెరిగాక వినడం ఇదే మొదలు! నాకు బాప్తిస్మం ఇచ్చింది మీ నాన్న. ఆదివారం బడిలో ఆయన నాకు చెప్పింది గిద్యోను కథ, సమ్సోను కథ. గొల్యాతు నుదుటి మీద రాయి తగిలిన చోట మాచేత చప్పట్లు కొట్టించాడు. ఒడిసెలకు చప్పట్లు కొట్టించి, మీసాలొచ్చాక తుపాకీ పాపమంటే ఎలా?

పాస్టరు: ఆ తప్పు మాదే. ఒప్పుకుంటాను. కానీ మా తప్పు నీకు ఒప్పు అయిపోదు. పేతురు కత్తి దూసి ప్రధాన యాజకుడి దాసుడి చెవి నరికితే, ప్రభువు కత్తిని ఒరలో పెట్టించాడా లేదా?

సుబేదారు: పెట్టించాడు. కానీ కపెర్నహూములో శతాధిపతి ఎదురుపడితే, ముందు నీ కత్తి పారేసి రా అనలేదే. ఇశ్రాయేలులోనే అంత విశ్వాసం చూడలేదని మెచ్చుకున్నాడు. కొర్నేలి శతాధిపతి ఇంటికి పేతురే నడిచి వెళ్ళాడు. అంతకు ముందు సైనికులు యొర్దాను దగ్గర యోహానును, మేమేం చెయ్యాలని అడిగితే ఏమన్నాడు? ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దు, అబద్ధపు నేరం మోపొద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఉద్యోగం మానెయ్యమనలేదు.

పాస్టరు: మానెయ్యమనలేదు గనుక చెయ్యమన్నట్టా?

సుబేదారు: ఆ మూడు మాటలు పాటించడమే ఎంత కష్టమో నీకు తెలియదు. పట్టాలంలో క్రైస్తవుడికి పరీక్ష రోజూ యుద్ధంలో ఎదురవుతుందనుకోకు. స్టోరు రూములో ఎదురవుతుంది. నేను హవల్దారుగా కంపెనీ రేషను చూసే రోజుల్లో పప్పు బస్తాలు మూడు తక్కువ వచ్చాయి. పూర్తిగా ముట్టాయని సంతకం పెట్టమన్నారు. ఏ యూనిటో, ఎవరో చెప్పను. తూకం వేసి, తక్కువని రాసి సంతకం పెట్టాను. ఆ ఏడు నా రిపోర్టు ఎర్రబడింది, ప్రమోషను రెండేళ్ళు వెనక్కి పోయింది. మీ అక్క నాతో నెల రోజులు మాట్లాడలేదు. యోహాను చెప్పినదాన్లో ఒక్క ముక్క పాటించినందుకు ఇదీ జీతం.

పాస్టరు: ఈ సంగతి అక్క ఎప్పుడూ చెప్పలేదు. బాగుంది. మరి రమ్ము మాటేమిటి? పైన చలికి ఇచ్చేవాళ్ళట కదా.

సుబేదారు: నా పెగ్గు నేనెప్పుడూ తాగలేదు. పక్కవాడికి ఇచ్చేసేవాణ్ణి. వాడు బదులుగా గుడ్డు ఇచ్చేవాడు.

పాస్టరు: అంటే నువ్వు తాగకుండా, పక్కవాడిచేత రెండు తాగించావన్నమాట!

సుబేదారు: ఇదిగో, ఇందుకే పాస్టర్లతో లెక్కలు మాట్లాడకూడదు.

పాస్టరు: సరే, నవ్వులాట పక్కన పెడదాం. ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువు కొండమీద స్పష్టంగా చెప్పాడు. మీరు కసమ్ పరేడ్ అని ఏకంగా పండగే చేస్తారు.

సుబేదారు: చేస్తాం. వెల్లింగ్టన్‌లో మా ముందు గీత, ఖురాను, గ్రంథ్ సాహిబ్, బైబిలు అన్నీ తెచ్చారు. ఎవరి గ్రంథం ముందు వాళ్ళు ప్రమాణం చేశాం. దేవుడి పేరు ఎత్తడం ఇష్టంలేనివాడు మనస్సాక్షిగా చెబుతున్నాననే వీలు ఆ ప్రమాణంలోనే ఉంది. ఇక అందులోని విషయం: రాజ్యాంగానికి కట్టుబడి ఉంటాను, నేల మీదైనా నీటి మీదైనా గాలిలోనైనా పంపిన చోటికి వెళతాను, నా ప్రాణానికి ముప్పైనా పైవాడి ఆజ్ఞ పాటిస్తాను. గమనించావా? అందులో నా ప్రాణం మాటే ఉంది. ఎదుటివాడి ప్రాణం మాట లేదు.

పాస్టరు: లేదు. రాయకుండా వదిలేసిన ఆ మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఇది చెప్పు. ప్రతి వారం గుడికి పరేడ్ చేయిస్తారు కదా. నీ విశ్వాసాన్ని ఏం చేసుకునేవాడివి?

సుబేదారు: పట్టాలం మతం వేరు బామ్మర్దీ. అక్కడ పండిట్‌జీ, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ, భిక్షువు అందరూ ఒకే ర్యాంకు జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు. చాలా యూనిట్లలో ఒకే కప్పు కింద సర్వధర్మస్థల్ ఉంటుంది. మా రెజిమెంటు నినాదం భగవద్గీతలోది. దాన్ని టోపీ మీద బ్యాడ్జిలా, గుండెలో గుర్తులా మోశాను. ఆదివారం నా కుర్రాళ్ళతో మందిరానికి వెళ్ళేవాణ్ణి. బూట్లు విప్పి లోపల నిలబడేవాణ్ణి. హారతి పళ్ళెం పట్టలేదు, బొట్టు పెట్టించుకోలేదు. ప్రసాదం చేతిలోకి తీసుకుని పక్క జవానుకు ఇచ్చేవాణ్ణి. ఆ గీత నాకు నేను గీసుకున్నది.

పాస్టరు: షద్రకు, మేషాకు, అబేద్నెగో కూడా గీత గీసుకున్నారు బావా. బొమ్మ ముందు జనమంతా సాగిలపడితే ముగ్గురే నిలువునా నిలబడ్డారు. అగ్నిగుండంలో వేస్తామన్నా వంగలేదు.

సుబేదారు: నాకు తెలుసు నువ్వు వాళ్ళను తెస్తావని. నేను నయమానును తెస్తాను. సిరియా సేనాపతి. కుష్ఠు పోయాక యెహోవాకే మొక్కుతానన్నాడు. కానీ ఎలీషాను ఒక్క మినహాయింపు అడిగాడు. నా రాజు రిమ్మోను గుడిలో మొక్కడానికి వెళ్ళినప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, ఆయన వంగితే నేనూ వంగాలి, ఆ ఒక్కటీ క్షమించమన్నాడు. ఎలీషా ఏమన్నాడు?

పాస్టరు: సమాధానంతో వెళ్ళమన్నాడు.

సుబేదారు: అంతే కదా!

పాస్టరు: అంతే కాదు. నయమాను ముందే క్షమాపణ అడిగాడు. అంటే అది తప్పని వాడికి తెలుసు. పైగా ఇశ్రాయేలు మట్టి రెండు కంచరగాడిదల మోత తీసుకెళ్ళాడు, ఇంటి దగ్గర ఆ మట్టి మీద నిలబడి ఆరాధించడానికి. ఎలీషా ఆ పనిని మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. సాగనంపాడు, అంతే.

సుబేదారు: మెచ్చుకోవాలని నేనూ అనడం లేదు. వంగింది దేవుడికా, చేయి పట్టుకున్నవాడు పడిపోకుండానా అన్నది చూడు. నా చేతి మీద ముప్పయి మంది కుర్రాళ్ళు ఆనుకునేవాళ్ళు. ఆ పూట దేవుడికి దండం పెట్టి ఆ రాత్రే గస్తీకి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ భయం తీరే చోట నేను బయట నిలబడితే, రేపు బుల్లెట్ల దగ్గర నా వెనక ఎందుకు వస్తారు?

పాస్టరు: ఆ యువ లెఫ్టినెంటు సంగతి చదివావు కదా. 3వ కావల్రీలో 2017లో కమిషన్ పొందినవాడు. సిక్కు జవాన్ల ట్రూపు అతనిది. వాళ్ళతో గురుద్వారా వరకూ, మందిరం వరకూ నడిచాడు. బూట్లు విప్పాడు, తలపాగా కట్టాడు. గర్భగుడిలోకి మాత్రం రాను, ఆ గడప బయట నిలబడనివ్వండి అన్నాడు. 2021లో తీసేశారు. 2025 మే 30న ఢిల్లీ హైకోర్టు, నవంబరు 25న సుప్రీంకోర్టు, రెండూ సైన్యం వైపే నిలబడ్డాయి. నువ్వు గీసిన గీతకూ అతను గీసిన గీతకూ నడుమ ఉన్నది ఒక్క గడప బావా. ఆ గడపకు ఉద్యోగం, పెన్షను అన్నీ పోయాయి.

సుబేదారు: ఆ కుర్రాణ్ణి నేను తక్కువ చెయ్యను. ఎదురుపడితే సెల్యూట్ కొడతాను. కానీ కోర్టును కూడా తప్పుపట్టను. ఆర్మీ యాక్టు 41వ సెక్షను పైవాడి చట్టబద్ధమైన ఆజ్ఞను కాదనడం నేరమంటుంది. సైనికుల ప్రాథమిక హక్కులను పరిమితం చెయ్యొచ్చని రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు అధికారం ఇచ్చింది. ఇవి తెలిసే సంతకం పెడతాం.

పాస్టరు: కేరళ పిల్లలు ముగ్గురు జాతీయగీతానికి లేచి నిలబడ్డారు, పాడలేదు. బడి నుంచి పంపేస్తే 1986లో ఇదే సుప్రీంకోర్టు వాళ్ళను వెనక్కి తీసుకోమంది. గౌరవంగా నిలబడితే చాలంది. ఆ లెఫ్టినెంటు అడిగిందీ అదే కదా!

సుబేదారు: పిల్లలు బడికి వెళ్ళేది చదువుకోవడానికి. పక్క పిల్లవాడి ప్రాణం వాళ్ళ చేతిలో లేదు. నీకు నచ్చే మనిషినే చెబుతాను. మార్సెల్లుస్ అని రోము శతాధిపతి, 298లో టాంజియర్లో, ఇక చక్రవర్తికి కొలువు చెయ్యనని బెల్టు విప్పి పారేశాడు. తల తీసేశారు. నువ్వే ఒక ఉత్తరంలో రాశావు నాకు. బెల్టు పారేసినవాడు మళ్ళీ బెల్టు ఇప్పించమని కోర్టుకు వెళ్ళలేదు.

పాస్టరు: పౌలు కైసరుకు అప్పీలు చేసుకున్నాడు.

సుబేదారు: అదిగో! దెబ్బకొట్టావు. సరే, అప్పీలు తప్పు కాదు.

పాస్టరు: ఆ కాలంలోనే ఇంకొకడు, మాక్సిమిలియన్. 295లో, ఇరవై ఒక్కేళ్ళవాడు. సైన్యంలో చేరనంటే, చక్రవర్తి అంగరక్షకుల్లోనే క్రైస్తవులున్నారు కదా, నీకేం అని అడిగాడు అధికారి. వాళ్ళకేది తగునో వాళ్ళకు తెలుసు, నాకు మాత్రం ఇది తగదన్నాడు. నాకు అందులో నచ్చేది అదే. ఇతరులను నిందించలేదు. నేనూ నిన్ను నిందించను. కానీ మనం ఇంతసేపూ గుడి గడప దగ్గరే తిరుగుతున్నాం. దోమను వడగట్టి ఒంటెను మింగుతున్నాం. ప్రమాణంలో రాయని మాట అడుగుతాను. నువ్వు ఎవరినైనా చంపావా?

(సుబేదారు టీ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది.)

సుబేదారు: ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు, ఆపైన ఎనిమిదేళ్ళ పెన్షను. నన్నెవరూ ఇలా అడగలేదు. పిల్లలు అడుగుతారు, ఎంతమందిని చంపావు తాతా అని. అది వేరు.

పాస్టరు: చెప్పడం ఇష్టం లేకపోతే వద్దు.

సుబేదారు: పూంఛ్‌లో. రాష్ట్రీయ రైఫిల్స్‌కు వెళ్ళినప్పుడు. నవంబరు. వాగు దగ్గర మాటువేసి మూడో రాత్రి. రాళ్ళ మీద అడుగుల చప్పుడు వచ్చింది. ఆగమని అరిచాం. అటు నుంచి కాల్పులు. నేను రెండు రౌండ్లు కొట్టాను. తెల్లారాక వెళ్ళి చూస్తే పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి వాడికి. చేతిలో ఆయుధం ఉంది, అనుమానం లేదు. నేను కొట్టకపోతే నా పక్కనున్న కేరళ కుర్రాడు పోయేవాడు, అందులోనూ అనుమానం లేదు. జేబులు వెతికితే సగం బిస్కట్ ప్యాకెట్టు, ఒక దువ్వెన. పళ్ళు రెండు విరిగిన దువ్వెన. ఊరి మౌల్వీ వచ్చి నమాజు చదివి పాతిపెట్టాడు. ఆ రోజు సాయంత్రం బడాఖానా విందు. అందరూ భుజం తట్టారు. నేను ప్లేటు పట్టుకుని టెంటు వెనక్కి వెళ్ళి కక్కుకున్నాను.

పాస్టరు: అక్కకు చెప్పావా?

సుబేదారు: లేదు. క్రిస్మసు సెలవుకు వచ్చాను. జనవరి మొదటి ఆదివారం మన చర్చిలో ప్రభువు బల్ల. నువ్వే రొట్టె విరిచావు. వెనక బెంచీలో కూర్చున్నాను. పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. తీసుకోలేకపోయాను. రమ్ము, ప్రసాదం ఇచ్చినట్టే దాన్నీ పక్కవాడికి అందించాను.

పాస్టరు: గుర్తుంది. జ్వరమేమో అనుకున్నాను.

సుబేదారు: ఆరాధన అయ్యాక ఏం చేశావో గుర్తుందా? నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పావు. దేశాన్ని కాపాడే మన బిడ్డ అన్నావు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ శాలువా కింద నాకు ఊపిరాడలేదు. ఆపైన ఏడాదిన్నర నేను బల్ల ముట్టలేదు. ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో తెలియదు. నేను చేసింది హత్య కాదని నాకు తెలుసు. కడిగిన ముత్యంలా ఉన్నానని మాత్రం అనిపించలేదు. ఈ రెంటి నడుమ నిలబడడానికి మన చర్చిలో ఒక్క బెంచీ లేదు.

పాస్టరు: ఒకప్పుడు ఉండేది బావా. నాలుగో శతాబ్దంలో కైసరియ బిషప్పు బాసిల్ రాశాడు. యుద్ధంలో చంపినవాణ్ణి పెద్దలు హంతకుల్లో కలపలేదని ఒప్పుకుంటూనే, వాళ్ళ చేతులు శుద్ధిగా లేవు గనుక మూడేళ్ళు బల్లకు దూరంగా ఉండడం మంచిదేమో అన్నాడు. సెమినరీలో చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

సుబేదారు: మూడేళ్ళా! శిక్ష అంటావా దాన్ని?

పాస్టరు: చదివినప్పుడు శిక్షనుకున్నాను. నీ మాట విన్నాక వేరుగా కనిపిస్తోంది. మూడేళ్ళు దూరంగా ఉండాలంటే, దూరంగా ఉన్నాడని సంఘానికి తెలియాలి. ఎందుకో తెలియాలి. నాలుగో ఏడు వచ్చే రోజు కోసం అందరూ ఎదురుచూడాలి. నువ్వు ఏడాదిన్నర ఒక్కడివే ఉన్నావు. తలుపు ఎవరూ మూయలేదు, ఎవరూ తెరవలేదు.

సుబేదారు: అదీ సంగతి. ఇప్పుడు నా వంతు. తుపాకీ పట్టకూడదన్న మీ రష్యా కట్టుబాటును నువ్వు పల్పిటు ఎక్కి ఎన్నిసార్లు చెప్పావు?

పాస్టరు: ఒక్కసారి కూడా లేదు.

సుబేదారు: ఇరవై రెండేళ్ళలో?

పాస్టరు: నిజం చెప్పాలంటే ధైర్యం లేదు. మా సంఘంలో పదకొండు ఇళ్ళ పిల్లలు ఆర్మీలోనో, సీఆర్‌పీఎఫ్‌లోనో ఉన్నారు. చర్చి రేకులు తీసి స్లాబు వేసిన డబ్బులో సగం వాళ్ళదే. ఆ స్లాబు కింద నిలబడి తుపాకీ తప్పని ఎలా చెప్పను? పైగా మావాళ్ళే ఎప్పుడూ నిలబడలేదు. 1918, 19లో ఉక్రెయిన్‌లో దోపిడీ ముఠాలు ఊళ్ళ మీద పడితే, ఆ మెన్నొనైట్లే తుపాకులు పట్టి దండు కట్టారు. అది తప్పని చాలామంది తర్వాత ఒప్పుకున్నారు. కళ్ళముందు ఆడపిల్లలను ఈడ్చుకుపోతుంటే ఏం చెయ్యాలో నాకూ తెలియదు. అందుకే ఆ ప్రసంగం రాసి ఇనప్పెట్టెలో పెట్టాను.

సుబేదారు: తెలియదని చెప్పినా సరిపోయేది. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నా నాకు మేలయ్యేది.

పాస్టరు: తుపాకీ లేకుండా యుద్ధానికి వెళ్ళినవాడూ ఉన్నాడు. డెస్మండ్ డాస్, అడ్వెంటిస్టు, అమెరికా సైన్యంలో వైద్య సహాయకుడు. 1945లో ఒకినావాలో ఒక నిటారు కొండ అంచు మీద నుంచి గాయపడినవాళ్ళను తాడు కట్టి ఒక్కొక్కరినే దించాడు. దాదాపు డెబ్బై అయిదు మంది. చేతిలో ఆయుధమే లేదు. వాళ్ళ దేశంలో అత్యున్నత పతకం ఇచ్చారు. వీడు అలా వెళతానంటే కళ్ళు మూసుకుని సంతకం పెడతాను.

సుబేదారు: మన దగ్గర ఆ దారి లేదు. జనరల్ డ్యూటీలో చేరినవాడికి ఇన్సాస్ ఇచ్చినా, కొత్త రైఫిలు ఇచ్చినా, చేతిలోకి తీసుకోవాల్సిందే. ఆ దారి ఉందని కుర్రాడికి చెప్పి మోసం చెయ్యకు.

పాస్టరు: చెప్పను. నీ వాదన నాకు ఇంకా ఒప్పుదల కాలేదు బావా. ప్రభువు శిష్యుడి చేతికి తుపాకీ తగదనే అనుకుంటున్నాను.

సుబేదారు: నాకూ నీ వాదన ఒప్పుదల కాలేదు. ఎవరో ఒకరు ఆ వాగు దగ్గర కూర్చోవాలి. ఆ ఎవరో మనవాడే ఎందుకు కాకూడదు? వాడు ఎదుటివాడి శవం ముందు టోపీ తీసేవాడైతే ఇంకా మంచిది.

పాస్టరు: పిలు వాణ్ణి.

సుబేదారు: సంతకం పెడతావా?

పాస్టరు: ముందు నువ్వు పూంఛ్ సంగతి వాడికి చెప్పు. బడాఖానా, శాలువా, దువ్వెన అన్నీ. ఏమీ దాచకు. అంతా విన్నాక కూడా పెన్ను అడిగితే ఇస్తాను. పెన్ను అడిగినా అడక్కపోయినా, సెలవుకు వచ్చిన ప్రతి కుర్రాడి పక్కనా ఇకనుంచి వెనక బెంచీలో నేను కూర్చుంటాను. శాలువా వద్దు.

సుబేదారు: చెబుతాను. కానీ నువ్వు ఆ ప్రసంగం ఇనప్పెట్టెలోంచి తియ్యి. అది కూడా వాడు వినాలి. రెండూ ఒకే పూట వినాలి.

(బయట కుర్రాడు లేచిన చప్పుడైంది. తలుపు దగ్గరికి వచ్చి ఆగాడు.)

కుర్రాడు: మామయ్యా, లోపలికి రమ్మన్నావా?

సుబేదారు: రారా. ఆ ఫోను అక్కడ పెట్టి, ఆ కుర్చీ ఇటు లాక్కో. అత్తను కూడా పిలు. ఆమె కూడా వినలేదు ఇది.